తూర్పు తల

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్న పెద్దమనిషి మా రామతులసి టీచర్‌తో కలిసి విమానం ఎక్కి ఉండడు. ఎక్కి ఉంటే ఆ సామెతలో సగం వెనక్కి తీసుకునేవాడు.

టీచర్ గారిది కూచిపూడి. చిన్నప్పటి నుంచీ నాకు నాట్యం నేర్పింది ఆవిడే, నా ప్రదర్శనలకు పాడేదీ ఆవిడే. మర్నాడు సాయంత్రం మెల్‌బోర్న్ తెలుగువాళ్ళ ముందు నేను ఆడాలి, ఆవిడ పాడాలి. గన్నవరంలో ఎక్కి, ఢిల్లీలో మారి, రాత్రికి పెద్ద విమానంలో పడ్డాం. కిటికీ సీటు నాది, మధ్యది ఆవిడది, ఆ పక్కది మా అదృష్టం కొద్దీ ఖాళీ.

నా భయమల్లా ఆవిడ గొంతు గురించే. ఒక్క రాత్రి నిద్ర తప్పితే మర్నాటికి జీర వచ్చేస్తుంది. పోయిన నెల విజయవాడలో అదే జరిగింది. ముందురోజు బంధువుల పెళ్ళిలో కన్ను మూయకుండా వచ్చి పాటకు కూర్చున్నారు. పల్లవి మధ్యలో గొంతు తెగింది. నేను ఆడుతూనే ఉన్నాను, వెనక పాట లేదు. "ఈసారి నుంచి రికార్డు పెట్టుకుందామండీ" అన్నాడు నిర్వాహకుడు. కారెక్కాక టీచర్ గారు, "మెల్‌బోర్న్‌లోనూ ఇట్టాగే అయితే ఇంక పాడనే సింధూరీ" అన్నారు. అన్న మాట తప్పే మనిషి కాదు. కాబట్టి ఆ రాత్రి ఆవిడ నిద్రపోయి తీరాలి.

దుప్పటి కప్పాను. మెడ కింద దిండు పెట్టాను. చెవుల్లో దూది కూడా పెట్టాను. సీటు వెనక్కి వాల్చబోతే నా చెయ్యి పట్టుకున్నారు. ఎదురుగా తెర మీద పటం ఉంది. అందులో బొమ్మ విమానం ముక్కు కిందికి పెట్టుకుని పోతోంది.

"ఇది ఎటు పోతందే?"

"దక్షిణానికండీ."

"అంటే మన కాళ్ళు దక్షిణానికున్నయ్యి. మరి వెనక్కి వాలితే తల ఎటుంటది?"

ఉత్తరానికి! ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదని మా ఇళ్ళల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ విమానంలో దిక్కులు లెక్కపెట్టే మనిషి ఉంటుందని నాకు తెలీదు.

"కూర్చుని పడుకుంటే దిక్కేంటండీ? బస్సులో పడుకోరా మీరు?"

"బస్సులో పటం ఉండదుగా. తెలిసి తెలిసి ఎట్టా పడుకోనే?"

విసురుగా తెర ఆర్పేశాను.

"ఆర్పితే విమానం తిరుగుద్దా?" అన్నారు.

తర్వాత ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టారు. ముందున్న బల్ల దించి, దాని మీద నుదురు ఆనించారు. తల దక్షిణానికే, శాస్త్రం ప్రకారం అంతా సవ్యం. కాసేపటికే గొంతు నొక్కుకుపోయి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు చివర జీర వినపడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ గొంతుకు శత్రువు వేరే ఎక్కడో లేదు, దాన్ని మోస్తున్న మనిషే అనుకున్నాను.

కోపంలోనే మళ్ళీ తెర వెలిగించాను. దక్షిణానికి పోతుంటే ఎడమచేతి వైపు తూర్పు. ఆవిడకు ఎడమచేతి వైపున్నది నేను. మా సీట్ల మధ్య చెయ్యి ఆనించుకునే కొమ్మును పైకెత్తేశాను.

"నా ఒళ్ళో తల పెట్టుకోండి. తూర్పు."

ఆవిడ గాలిలో వేలితో దిక్కులు గీసుకుని చూసుకున్నారు. లెక్క సరిపోయింది. అయినా వాలలేదు.

"నీ కాళ్ళు పట్టేస్తయ్యే. రేపు ఆడాల్సినదానివి."

"కాసేపేనండీ. మీరు లేచాక నేను పడుకుంటాగా."

అబద్ధమే. ఆవిడ లేచేదాకా లేపే ఉద్దేశం నాకు లేదు. మొహమాటపడుతూనే మెల్లగా వాలారు. ఆ తల అంత తేలిగ్గా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. కంచు తాళాలు వాయించే చేతులు రెండూ బుగ్గ కింద పెట్టుకుని ముడుచుకున్నారు. ఇన్నేళ్ళూ ఆవిడంటే నాకు భయమే, ఆ రాత్రి మొదటిసారి ముద్దొచ్చారు.

మగతలో ఒకసారి, "ఇంకా తూర్పేనా?" అన్నారు.

పటంలో విమానం కొంచెం పక్కకు తిరిగి ఉంది. లెక్కప్రకారం అది ఈశాన్యం.

"తూర్పేనండీ, పడుకోండి" అన్నాను. ఈశాన్యమైతే దేవుడి మూలేగా, పాపం రాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తొడలు మొద్దుబారాయి. తర్వాత మోకాళ్ళు, పాదాలు. మంచినీళ్ళు ఇవ్వడానికొచ్చిన అమ్మాయిని కళ్ళతోనే పంపేశాను. కదిలితే ఆవిడ లేస్తారు, లేస్తే మళ్ళీ పటం చూస్తారు. విమానంలో అందరూ నోళ్ళు తెరిచి గుర్రు పెడుతుంటే, నేను ఆవిడ ఊపిరి వింటూ కూర్చున్నాను.

తెల్లవారి, దిగబోతున్నాం బెల్టులు పెట్టుకోమన్నప్పుడు ఆవిడ లేచి, చీర సర్దుకుని, నా వంక చూశారు. ఒక్క మాటా మాట్లాడలేదు. గొంతు ఎలా ఉందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. విమానం నేల మీద ఆగాక సంచీ అందుకుందామని లేచాను. కాళ్ళు నావి కావు. మళ్ళీ సీట్లో కూలబడ్డాను.

ఆవిడ పక్కనే కూర్చుని, వంగి నా రెండు పాదాలూ ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుని పిసకడం మొదలుపెట్టారు. నేను హడలిపోయాను.

"అయ్యో టీచర్ గారూ, నా కాళ్ళు మీరు పట్టుకోవడమేంటండీ! వదలండి, పాపం నాకు!"

"నోర్ముయ్యవే! సాయంత్రం నా పాటకు ఈ కాళ్ళు కావాలి!"

ఆ కేకకు ముందు వరుసల వాళ్ళంతా తిరిగి చూశారు. గొంతులో ఎక్కడా జీర లేదు. నాకు ఏడుపొచ్చింది. కాళ్ళు ఇంక వెనక్కి లాక్కోలేదు.