ఎర్ర దారం మేకలు

“కషాయం పోయని మేకలు సచ్చిపోతే ఎట్లమ్మా?”

ఇంకా సీసా మూతయినా తీయకముందే వసంతమ్మ అడిగేసింది. మేకల కడుపులో బద్దెపురుగుల మీద పరిశోధన చేస్తున్న పశువుల డాక్టరు పల్లవి తిరుపతి నుంచి ఐరాలకు వచ్చి, వాళ్ల పన్నెండు మేకల్లో ఆరింటికి ఎర్ర దారం, ఆరింటికి పచ్చ దారం కట్టింది. మాత్ర అన్నిటికీ ఒకటే. పచ్చ దారం వాటికి మాత్రం వారం రోజులు వాయువిడంగాల గింజల కషాయం కూడా. రెండూ కలిస్తే పురుగు ఇంకా బాగా పడుతుందా అన్నది తేలాలి.

“ఏమీ కాదక్కా, మాత్ర ఇస్తున్నాం కదా.”

“దీనికి అన్నీ సావులే కనపడతాయి మేడం. నాకు జలుబు చేసినా పాడె కట్టేస్తాది,” అని మొగుడు చిన్నబ్బ నవ్వి, కాగితం మీద సంతకం పెట్టాడు.

అతని పని అంతటితో సరి. పెంటికలు ఏరింది, వాటిలో అన్నం మెతుకుల్లా తెల్లగా ఉన్న పురుగు ముక్కలు చూసి పొట్లాలు కట్టింది, దవడలు పట్టి కషాయం తాపింది వసంతమ్మే. మొదటి రోజే ఎర్ర దారం పిల్లొకటి, పొట్ట ఉబ్బి, పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఆమెకు చెయ్యాడలేదు. పంక్తిలో తేడా చూపితే పాపమని అమ్మ చెప్పిన మాట. దానికీ ఇంత పోసింది. తర్వాత అన్నిటికీ. పోసిన మర్నాడల్లా పెంటికల్లో పురుగు ముక్కలు ఇంకా ఎక్కువగా పడ్డాయి. ఆ పాపం ఈ ఇంట్లో తన కంచం దగ్గర మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. గుడ్లు మొగుడికీ కొడుక్కీ. కూతురు మోహన కడుపులో ఉన్నప్పుడు కూడా అత్త, “అడుగున ఉండేది నువ్వు తిందువులే,” అనేది. నిన్న అదే మాట అత్త మోహనతోనూ అంది.

నెల తిరక్కుండా పల్లవి మళ్లీ వచ్చింది. ముఖంలో కళ లేదు.

“రెండు గుంపుల్లో తేడా ఏమీ రాలేదన్నా. మాత్ర సరిపోతుంది, కషాయంతో లాభం లేదని రాసేస్తాను. చెప్పినట్టే తాపారు కదా?”

“నేనే తాపినాను మేడం. సెప్పింది సెప్పినట్టే,” అన్నాడు చిన్నబ్బ.

పల్లవి చూపు వసంతమ్మ వేళ్ల మీద పడింది. మేకపళ్ల గాట్ల మచ్చలు ఇంకా పోలేదు.

“నువ్వు చెప్పక్కా.”

నిజం చెబితే మొగుడి పరువు పోతుంది, ఈ పిల్ల నెల కష్టం మట్టిపాలవుతుంది, ఇంకెవరూ ఈ ఇంటికి మందు తీసుకురారు. చెప్పకపోతే, తన కళ్లముందు పని చేసిన మందు పనికిరానిదని అచ్చవుతుంది. చిన్నబ్బ దగ్గాడు. మేకలు నెమరేస్తున్నాయి. గడప మీద మోహన తల్లినే చూస్తోంది.

“తాపింది నేను,” అంది వసంతమ్మ. “ఎర్ర దారం వాటికీ పోసినాను. మళ్లా మొదట్నుంచీ సేద్దాం. కాగితంలో నా పేరు రాయి. ఈ తూరి తేడా పెట్టే తాపుతా తల్లీ. పంక్తిలో తేడా ఎట్ల పెడతారో ఈ ఇంట్లో పదైదేండ్లుగా సూస్తానే ఉండాను.”