మా చెల్లి ఒప్పుకోని పుంజు

ఇలా దగ్గరికి జరగండే అమ్మాయిలూ. ఆ దువ్వెన అక్కడ పడేసి రండి, జడలు ఎక్కడికీ పారిపోవు. మీ చిన్నమ్మమ్మ అంటే ఇప్పుడు మీకు చేతికర్ర, ముక్కు మీదికి జారే కళ్లజోడు. నేను చెప్పబోయేది ఆమె మెట్లు రెండేసి చొప్పున దూకే రోజుల సంగతి.

నాకింకా పెళ్లి కాలేదు. అమ్మ, నేను, చెల్లి ఒక అద్దె గదిలో ఉండేవాళ్లం. పెరడు చుట్టూ అలాంటి గదులే, మధ్యలో ఒకటే నీళ్ల కొళాయి. పైన మేడ మీద ఇంటి ఓనరు, ఆయన భార్య. చెల్లి దర్జీ కొట్టులో గుండీలు కుట్టేది. ఎవరికో ఒకరికి ఎదురు చెప్పందే దానికి తిన్నది అరిగేది కాదు. కొళాయి దగ్గర వరస తప్పించి బిందె పెడితే ఓనరు బిందెనైనా పక్కకు జరిపేది. అందుకే అందరూ దాన్ని 'మగరాయుడు' అనేవారు.

ఒకరోజు సైకిలు మీద కోడిపిల్లలు అమ్మే ఆయన వస్తే చెల్లి రెండు పిల్లల్ని కొన్నది. ఒకటి తెల్లగా, సన్నగా ఉంది. రెండోది బూడిదరంగుది, కాళ్ల నిండా బొచ్చే.

"ఏది పెట్ట, ఏది పుంజు?" అని అడిగింది.

"ఎవడైనా ఇప్పుడే చెప్పేశాడంటే వాడు అబద్ధాలకోరే తల్లీ," అన్నాడాయన. "పెరిగాక వీపు చివర, తోక మొదట్లో ఈకలు చూసుకో. సన్నగా మొనదేలి కిందికి జారితే పుంజు. గుండ్రంగా ఉంటే పెట్ట. తల మీద ఎర్ర తురాయి చూసి మాత్రం మోసపోకు. ఈ తెల్లజాతిలో ఆడదానికీ పెద్దదే వస్తుంది, బొచ్చుకాళ్ల జాతిలో మగదానికీ చిన్నదే."

ఓనరు మేడ మీంచే ఆర్డరు వేశాడు. "పెట్టలైతే ఉండనిస్తా. పుంజు అని తేలిందా, ఆదివారం కూరలోకే! తెల్లారకముందే ఆ కూతలు నేను పడలేను."

పిల్లలు ఎదిగాయి. తెల్లదానికి తురాయి ఎర్రగా, వేలెడెత్తున లేచింది. అది కొళాయి మీదికి ఎగిరి కూర్చునేది, పిల్లిని తరిమేది, ఒకసారి ఓనరు కాలి బొటనవేలు పొడిచింది. బొచ్చుకాళ్లది మాత్రం నోట్లో నాలుక లేనట్టు మూలన నిలబడేది, ఎవరెత్తుకున్నా ఒదిగిపోయేది. దాని తలమీద కందిగింజంత ఎరుపు. ఇంకేముంది, పెరడంతా కలిసి తీర్పు చెప్పేసింది. తెల్లది పుంజు, బూడిదది పెట్ట.

ఓనరమ్మ కిందికి దిగివచ్చి బూడిదదాన్ని ఒళ్లో పెట్టుకుంది. "ఎంత బుద్ధిమంతురాలో! ఈ బంగారుతల్లిని నాకివ్వవే, మేడ మీద పెంచుకుంటా."

"తీసుకెళ్లండి అత్తా," అంది చెల్లి. "కానీ అది బంగారుతల్లి కాదు, బంగారుతండ్రి. దాని వీపు చూడండి."

"పోవే, నీకన్నీ తలకిందులే!" అని నవ్వుతూ ఆమె కోడితో మెట్లెక్కింది.

ఆ ఆదివారమే ఓనరు మాంసం కొట్టాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చెల్లి తెల్లదాన్ని కోళ్లగూట్లో పెట్టి, దాని తలుపుకు వీపు ఆనించి, కాళ్లు బారచాపుకుని కూర్చుంది.

"లే అమ్మాయ్. పుంజును పట్టివ్వు."

"ఇది పెట్ట మామయ్యా. ఈకలు చూడండి, నేనే చూపిస్తా."

"ఈకలు నాకెందుకు? ఆ పొగరు చాలదూ? రొమ్ము విరుచుకుని తిరుగుతుంది, ఇంటాయన్నే పొడుస్తుంది. ఇది పెట్టా?"

"ఎదురు తిరిగితే మగదైపోతుందా? అలాగైతే దాన్ని వదిలేసి నన్ను తీసుకెళ్లండి!"

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. ఓనరు మొహం కందిపోయింది. మాంసం కొట్టాయనతో "నువ్వైనా చెప్పవయ్యా" అన్నాడు.

"నేను చూసేది బరువండీ," అన్నాడాయన, "ఆడా మగా నాకెందుకు?"

"లేస్తావా, గది ఖాళీ చేయించమంటావా?" అని ఓనరు చెల్లి మీదికి వచ్చాడు.

అమ్మ పరుగున వచ్చింది. "లేవే, నీకు దణ్ణం పెడతా. కోడి కోసం గూడు పోగొట్టుకుంటామా?" అంది. చెల్లి నా వంక చూసింది. నాకూ భయమే. అయినా వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. గూటి తలుపు పూర్తిగా మూసుకుపోయింది, మేమిద్దరం కాస్త ఒళ్లున్నవాళ్లమే కదా.

"సరే," అన్నాడు ఓనరు పళ్లు నూరుతూ. "కూత వినపడనీ. ఆ రోజు ఆ కోడీ ఉండదు, దాన్ని పెంచినవాళ్లూ ఉండరు."

"ఒప్పుకున్నాం," అంది చెల్లి.

కొన్నాళ్లకు తెల్లది మా గుడ్డపీలికల గంపలో గుడ్డు పెట్టింది. చెల్లి ఆ వేడి గుడ్డును అరచేతిలో పెట్టుకుని మేడెక్కింది. ఓనరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంగడిలో కొన్నది తెచ్చి నా మొహాన పెడతావా?" అన్నాడు. అది తిరిగొచ్చి గుడ్డు ఉడకేసుకుంది. "ఒప్పుకోకపోతే మానె. కడుపు నిండుతుంది," అంది.

ఇంకొన్నాళ్లకు, అందరం పళ్లు తోముకుంటున్న వేళ, గొంతు జీరతో ఒక కూత లేచింది. పెరడంతా మా గూటి వైపు తిరిగింది. తెల్లది నింపాదిగా గింజలేరుకుంటోంది. రెండో కూత మేడ మీంచి వచ్చింది!

ఓనరు లుంగీ బిగించుకుంటూ మెట్లు దిగి పెరట్లోకి వచ్చి, మాంసం కొట్టాయనకు కబురు పంపమని అరిచాడు. మేడ గుమ్మంలో ఓనరమ్మ ఆ బొచ్చుకాళ్ల పుంజును గుండెకు హత్తుకుని నిలబడింది.

"దీనిమీద చెయ్యి పడిందా, నేను మా అక్క ఇంటికి పోతా. నీ వంట నువ్వే చేసుకో!"

ఆమె గొంతు పెంచడం మేం వినడం అదే మొదలు. చెల్లి గబగబా మెట్లెక్కింది. ఎగతాళి చేయడానికే అనుకుని అందరూ చెవులు రిక్కించారు. అది వెళ్లి ఓనరమ్మ పక్కన, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పుంజైతే కొయ్యాలా మామయ్యా? రండి, ముందు మమ్మల్ని దాటండి."

ఆయన మెట్ల మధ్య ఆగిపోయాడు. పైకి రాలేదు, కిందికీ పోలేదు. మాంసం కొట్టాయన రానే లేదు. గది ఖాళీ చేయించే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తరువాత నేను అడిగాను. "ఒకవేళ తెల్లది నిజంగానే పుంజయ్యుంటే ఏం చేసేదానివే?"

"ఏం చేసేదాన్ని? అక్కడే కూర్చునేదాన్ని," అంది.

మీరు ఎవరికి చెప్పినా ఈ మాట వదిలిపెట్టకండి అమ్మలూ. చెల్లి చెప్పిందే నిజమైంది కాబట్టి గెలిచిందని చెప్పి ఊరుకోవద్దు. తప్పని తేలినా లేచేది కాదని కూడా చెప్పండి. మీ పిల్లలకూ అలాగే చెప్పండి.