బంగారంలాంటి పాత డబ్బా

వీధంతా దర్జీ వదిన అని పిలిచే ఆమెకు, పాటలు ఇంట్లోనే రికార్డు చేసుకునేందుకు మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలని కోరిక. కొత్తదే కొనమని మొగుడు చెవినిల్లు కట్టుకుని పోరాడు. ఆమె మాత్రం మైకు సంచిలో వేసుకుని, వాడిన ఇంటర్‌ఫేస్ అమ్ముతానన్న లెక్కల మాస్టారింటికి వెళ్లింది.

బట్టను తిరగేసి కుట్లు చూసినట్టే ఆ డబ్బానూ తిరగేసింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో నాబ్ మెల్లగా తిప్పింది. ఎక్కడా బరబర లేదు.

"ఒక్క పాట పాడి చూస్తాను మాస్టారూ" అని పల్లవి అందుకుంది.

మాస్టారు కాసేపు ఉగ్గబట్టుకున్నాడు. ఇక ఆగలేక బీరువా మీది గిటారు దించి, దుమ్మైనా దులపకుండా వాయించడం మొదలుపెట్టాడు. వంటింట్లోంచి ఆయన భార్య గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఎన్నాళ్లకు ముట్టుకున్నారండీ దాన్ని! ఆ డబ్బా అమ్మారంటే ఊరుకోను."

మాస్టారు బిక్కమొహం వేశాడు. వదిన పకపకా నవ్వింది. పాట మాత్రం చివరిదాకా పాడే లేచింది.

ఉత్త చేతులతో వచ్చిన ఆమెను చూసి మొగుడు ఎగతాళి చేశాడు.

"నే చెప్పలా? పాతది పాడైపోయి ఉంటుందని!"

"పాడైపోవడమా? బంగారంలా ఉంది. అందుకే వాళ్లకే వదిలేసి వచ్చాను. పద, కొత్తది కొందాం."