ధనరాజు గాలి దిండు

నేను ఒక గాలి దిండును. చుట్టూ రబ్బరు, నడుమ చిల్లు. గారె ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటాను. నన్ను చూసినవాళ్లు నా మీద కూర్చున్నవాడికి మొలల జబ్బు ఉందని తేల్చేస్తారు. నా యజమాని మట్టపర్తి ధనరాజుకు లోకంలో ఏ మాటైనా పడుతుంది గాని, ఆ మాట పడదు.

ఆయన అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడు తోలే లారీ డ్రైవరు. వెన్ను అడుగున నొప్పి మొదలై సీట్లో కూర్చోలేకపోతే, భార్య నాగమణి అమలాపురం మందుల షాపులో నన్ను కొని, తన నోటితోనే గాలి ఊదింది. తర్వాత విశాఖలో ఒక క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎముకలో గడ్డ అన్నారు. పేరు కార్డోమా. లక్షల్లో ఒకరికి వస్తుందట.

"లాటరీ టిక్కెట్టుకి లేని అదృష్టం దీనికొచ్చింది," అంది నాగమణి. తర్వాత మొహం తిప్పుకుని, నాలో తగ్గిన గాలి మళ్లీ ఊదింది.

కోసి తీసేస్తే నరాలు తెగి, మలమూత్రాల మీద అదుపు పోవచ్చు. అందుకని అక్కడి డాక్టర్ షహీదా మరో దారి చెప్పింది. రేడియేషన్ గడ్డను దెబ్బతీసి, దాని గుట్టు ఒంట్లోని రక్షణ కణాలకు బయటపెడుతుంది. ఆ కణాలకు గడ్డ వేసిన బ్రేకులను ఇమ్యునోథెరపీ మందు తీసేస్తుంది. రెండూ కలిస్తే మేలు జరగొచ్చు; ఇంకా పరీక్షిస్తున్న వైద్యం కనుక ఖాయమని మాత్రం చెప్పలేనంది.

ధనరాజు అడిగాడు. "బ్రేకులు తీసేసిన బండి ఎక్కడాగుద్దండి, మేడమ్?"

డాక్టరమ్మ నవ్వలేదు. "నా భయమూ అదే. ఒక్కోసారి ఆ రక్షణ సొంత ఒంటి మీదికే వెళ్తుంది. ఏ తేడా వచ్చినా దాచకండి."

"ఆయ్," అన్నాడు.

రేడియేషన్ మొదలైంది, మధ్యమధ్య సెలైన్ సీసాలో మందు. వెయిటింగ్ హాల్లో నన్ను చూసి ఎవరైనా జాలిగా ముల్లంగి కూర తినమంటే, ధనరాజు ఛాతీ విరుచుకుని, "పైల్స్ కాదండి బాబూ, క్యాన్సరు," అనేవాడు. చెప్పినవాడు బిక్కచచ్చిపోతే, ఈయన పరువు నిలబెట్టుకున్న పెద్దమనిషిలా నా మీద సర్దుకునేవాడు. మనుషుల పరువు ఎక్కడ ఉంటుందో, ఇంత దగ్గరగా ఉండీ నాకు అంతుపట్టలేదు.

కొన్నాళ్లకు విరేచనాలు పట్టుకున్నాయి, నెత్తురుతో సహా. ధనరాజు నోరు విప్పలేదు. చెబితే జనం మాటే నిజమవుతుందని ఆయన బెంగ. నా మీద కూర్చోవడం, లేచి పరుగెత్తడం, మళ్లీ వచ్చి కూలబడడం. ప్రతిసారీ బరువు తగ్గి వచ్చేవాడు. నాకు చెప్పే నోరు లేదు. నాగమణికి ఉంది. చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ ముందుకు లాక్కెళ్లింది.

"పరువు కోసం పేణం మీదికి తెచ్చుకున్నాడండి. మీరే తిట్టండి."

డాక్టరమ్మ నిజంగానే తిట్టింది. అది పైల్స్ కాదు, మందు బ్రేకులు తీసిన రక్షణ కణాలు పేగుల మీదికి వెళ్లాయట. ఇంకాస్త ఆలస్యమైతే చేయి దాటిపోయేదంది. మందు ఆపి, స్టెరాయిడ్లతో నిలబెట్టారు. ఆ వారమంతా ధనరాజు మంచం మీద, నేను కుర్చీలో. నా మీద నాగమణి కూర్చుంది. నిద్రపోయినా ఆమె ఒళ్లు వదులవలేదు.

ఆ తర్వాత తీసిన స్కానింగులో గడ్డ సగానికి పైగా కరిగింది. పూర్తిగా పోలేదు; కనిపెట్టుకుని ఉండాలన్నారు. నొప్పి తగ్గి, దగ్గర ఊళ్ల లోడ్లు తోలుకుంటున్నాడు. నన్ను ఆసుపత్రికి ఇచ్చేశాడు. ఇప్పుడు వెయిటింగ్ హాల్లో మేకుకు వేలాడుతుంటాను.

మొన్న ధనరాజు చెకప్‌కు వచ్చినప్పుడు, నొప్పితో కూర్చోలేని ఒక పంతులమ్మ నన్ను చూసి సిగ్గుపడి, నిలబడే ఉంది. ధనరాజు నన్ను తీసి కుర్చీలో వేశాడు.

"కూర్చోండమ్మా. దీని మీద నేనూ చాలా ఏడ్చాను."

ఆ సంగతి ఆయన అంతకుముందు ఎవరితోనూ అనగా నేను వినలేదు. ఆమె ముందు అంచున కూర్చుంది. కాసేపటికి తన బరువంతా నా మీద వదిలింది.