ముసలమ్మ మణికట్టు

గూళ్ళలోంచి ఉచ్చ పడే వేళకి కబాహేండ రెండడుగులు వెనక్కి జరిగింది. నిద్ర లేవగానే గూటి అంచున కూచుని చింపాంజీలు చేసే మొదటి పని అదే; ఇన్నేళ్ళుగా వాటి వెంట తిరిగే మనిషికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా. కొమ్మలు ఊగాయి. ఒక్కొక్కటే దిగి అత్తిచెట్ల వైపు నడిచాయి. ముసలమ్మ మాత్రం వాటిలో లేదు.

ముసలమ్మంటే ఆ గుంపులో పెద్ద ఆడది. చెవి చిరిగింది, గడ్డం నెరిసింది, వీపు మీద పాలు మరవని పిల్ల. కుడి మణికట్టుకి ఉచ్చు తీగ బిగిసి చెయ్యి సొరకాయలా వాచింది. మధ్యాహ్నానికి పట్నం నుంచి పశువుల డాక్టరు మత్తు తుపాకీతో వస్తాడు, తీగ కోస్తాడు. అందాకా దాన్ని కనిపెట్టుకుని ఉండడమే కబాహేండ పని.

ఆ తీగ ఎవరిదో ఆమెకి మొదటి రోజే తెలుసు. మోటారుసైకిలు క్లచ్ తీగకి అలా రెండు మెలికలు వేసేది ఊళ్ళో కతూరము ఒక్కడే. నిలదీసి, డాక్టరుకి కబురు పెడదామని ఊగిపోతూ వెళ్ళింది. వాడు గుమ్మంలోనే "రా, అడ్యేరీ" అన్నాడు. ఆమె నోరు దానంతటదే "బాగున్నావా, అరాలీ" అంది. అంతే. వాళ్ళ బున్యోరో సీమలో ఆ ముద్దుపేర్లు ఇచ్చిపుచ్చుకున్నాక తగువుండకూడదు. తల్లిపాలతో వచ్చిన మర్యాద. వేయించిన వేరుశనగలు పెడితే తిని వచ్చింది. డాక్టరొస్తే తీగ ఎవరిదని అడుగుతాడని కబురు కూడా నాన్చి నాన్చి, చెయ్యి వాచాక నిన్న పంపింది. ఆ మర్యాదని తగలెయ్య.

వెతగ్గా వెతగ్గా వాగు పక్కన చెట్టు మొదట్లో కనిపించింది ముసలమ్మ. ఎక్కలేక నేలమీదే ఆకులు పరుచుకుంది. సగం తెరిచిన కళ్ళ మీద ఈగలు; రెప్ప కదలడం లేదు, ఊపిరీ లేదు. పిల్ల రొమ్ము లాగి, పాలు రాక, మళ్ళీ లాగుతోంది. కాసేపటికి దాని అక్క దిగివచ్చి పిల్లని పొట్టకి కరుచుకుని పోయింది. పాలు మాత్రం దానికెక్కడివి? కబాహేండ పళ్ళు నూరుకుంటూ అక్కడే కూలబడింది.

డాక్టరు వచ్చి మణికట్టు చూశాడు. "కాస్త ముందు పిలిచి ఉంటే..."

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, డాక్టరుగారూ. తప్పులో సగం నాది."

మొయ్యడానికి ఊరివాళ్ళు వచ్చారు. వాళ్ళలో కతూరము కూడా ఉన్నాడు.

"నేనో చెయ్యి వేస్తాను, అడ్యేరీ."

బదులు రావలసిన పేరు కోసం అందరూ ఆమె వైపు చూశారు.

"కతూరమూ," అంది.

అక్కడ మనిషిని ఉత్త పేరుతో పిలవడం చెంపదెబ్బే. వాడి మొహం మాడిపోయింది.

"పందికి పెట్టాను. మొక్కజొన్నంతా పందులు దున్నేస్తుంటే నా పిల్లలు మన్ను తింటారా? దీన్ని చంపుదామనుకున్నానా?"

"పందేదో బాలింతేదో ఉచ్చుకేం తెలుసు? మిగతావి ఎక్కడ పెట్టావో చూపించు. ఇప్పుడే, డాక్టరుగారికి. లేదా ఈ తీగ పట్టుకుని అటవీశాఖ వాళ్ళ దగ్గరికి నేనే పోతాను."

"ఒక జంతువు కోసం నాతో తెంచుకుంటావా?"

"తెంచుకోవలసినప్పుడు తెంచుకోలేదు. అదే నా ఏడుపు."

వాడు తల వంచుకుని పొదల్లోకి దారి తీశాడు. డాక్టరు వెనకే నడిచాడు. మిగిలినవాళ్ళు ముసలమ్మని దుప్పట్లోకి ఎత్తారు. అది పడుకున్న చోట, చెట్టు వేళ్ళ మధ్య తొర్రలో నిలిచిన నీళ్ళ పక్కన, ముంచి పీల్చుకోవడానికి నమిలి చేసుకున్న ఆకుల ముద్ద మిగిలింది, పళ్ళ గుర్తులతో, ఇంకా తడిగానే.