మొదటి బంతి తిమ్మప్పకు

పెనుకొండ హనుమంతరాయుడిని ఇంగ్లండు పోకుండా ఆపింది మా మర్యాద. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పంతొమ్మిదివందల యాభైల్లో మాట. మా జట్టుకు రాయుడు ఓపెనర్. ధర్మవరంలో మగ్గం నేసుకునే నేను బౌలర్‌ని, బ్యాటింగుకు పదకొండోవాడిని. ఇంగ్లండు టూరుకు ఓపెనర్లు కుదరక సెలెక్షన్ కమిటీ పెద్దమనిషి ఒకాయన ఊరూరూ చూసుకుంటూ హిందూపురం వస్తున్నాడని తెలిసింది. రాయుడికి ముప్పై దగ్గరపడ్డాయి. ఇది తప్పితే ఇంకో అవకాశం రాదని వాడికీ తెలుసు, మాకూ తెలుసు.

ఆ ఆదివారం బెంగళూరు జట్టుతో మ్యాచ్. టాస్ గెలిచాం. రాయుడు ప్యాడ్లు కట్టుకుంటుంటే కెప్టెన్ నారాయణస్వామి వచ్చి, "కాసేపు విప్పప్పా. ముందు తిమ్మప్ప పోతాడు," అన్నాడు.

తిమ్మప్ప చిలమత్తూరు భూస్వామి. మా బ్యాట్లూ బంతులూ ఆయన కొనిచ్చినవే. అరవై దాటిన మనిషి.

"ఆయప్పకు బ్యాటు పట్టుకునేదొచ్చునా?" అన్నాను.

"ఒక బంతి ఆడి వస్తాడులే ఓబన్నా. అంత పెద్దమనిషి చూస్తాండగా ఆయప్పను పక్కన పెడితే మర్యాదేముండాది? మీ మగ్గానికి కొత్త పడుగెక్కినా మొదటి పోగు వేసేది మీ తాతే గదా."

"పడుగును చూసి ఇంగ్లండుకు పంపేదానికి ఎవరూ రారు గదప్పా."

పదకొండోవాడి మాట ఎవరు వింటారు? రాయుడు ప్యాడ్లు విప్పి ఇచ్చాడు. వాడి మంచితనం మీద కూడా నాకు కోపమే.

తిమ్మప్ప పంచె మీదే ప్యాడ్లు కట్టుకుని, నేలకు దండం పెట్టి వెళ్లాడు. మొదటి బంతికే వికెట్లు ఎగిరిపోయాయి. మావాళ్లు చప్పట్లు కొట్టారు. రెండో బంతికి రాయుడు దిగాడు. సాయంత్రం దాకా వాడిని అవుట్ చేయడం బెంగళూరువాళ్ల వల్ల కాలేదు. సెంచరీ దాటింది.

ఆట ముగిశాక సెలెక్షన్ పెద్దమనిషి మెడలో దండ సర్దుకుంటూ, "బాగా ఆడాడు. కానీ మీవాడు వన్‌డౌన్, ఇద్దరి తర్వాత దిగే మూడోవాడు. నాకు కావలసింది ఓపెనర్," అన్నాడు.

నేను ఉండబట్టలేక, "రెండో బంతికే దిగినాడు గదా సార్. ఒక్క బంతికే కొత్త బంతి పాతదైపోతాదా?" అన్నాను. నారాయణస్వామి నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. తిమ్మప్ప తల దించుకున్నాడు. సెలెక్షన్ పెద్దమనిషి కారెక్కాడు.

జట్టు పేర్లు పేపర్లో పడ్డాయి. ఓపెనర్లలో ఒకడు పెద్ద నగరం కుర్రాడు. పుట్టి బుద్ధెరిగాక ఐదో నంబరుకు ముందు దిగినవాడు కాదు. అలవాటు పడతాడని కమిటీకి నమ్మకమట. మరి మా రాయుడు అలవాటు పడడా? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఆ పేపరును పొయ్యిలో పెట్టాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు ధర్మవరంలో మా చెల్లెలి పెళ్లి. తిమ్మప్ప వచ్చాడు. ఎప్పటిలాగే అగ్రతాంబూలం ఆయనకు అందించాం. ఆయన ఆ పళ్లెం పట్టుకుని నడిచి వెళ్లి రాయుడి ముందు నిలబడ్డాడు.

"తీసుకో నాయనా. ఇది నీది," అన్నాడు.

రాయుడు మర్యాదగా లేచి నిలబడ్డాడు. పళ్లెం మాత్రం ముట్టుకోలేదు.

"ఇంకో ఇద్దరికి ఇచ్చి రాండప్పా. నేను వన్‌డౌన్," అన్నాడు.