అర్జీకి తగిన మాట

చిట్యాలలో ఇంగ్లీషు అర్జీ కావలసినవారు విశ్రాంత ఉపాధ్యాయుడు వెంకటనర్సు ఇంటికే వస్తారు. బట్టల దుకాణంలో పనిచేసే శ్రీలత ఆనాడు రెండోసారి వచ్చింది.

"మీరు రాసిన అర్జీ లేబర్ ఆఫీసుల వాపస్ ఇచ్చిండ్రు సారూ. మేనేజరు టార్చర్ పెడితే దెబ్బలేవి, సూపియ్యి అని నవ్విండ్రు."

ఆయన తల వాలిపోయింది. ఊళ్లో తలనొప్పికీ, అత్తగారి పోరుకూ అందరూ టార్చర్ అనే వాడతారు. తానూ ఆలోచించక రాసేశాడు. ఇంగ్లీషులో దానికి ఒళ్లు చీల్చేంత బరువుంది. నిఘంటువు విప్పాడు. హెరాస్ అంటే పదేపదే వేధించడం. టార్మెంట్ అంటే మనసును కాల్చుకుతినడం. అఫ్లిక్ట్ అన్నది రోగమో, విధియో పీడించినప్పటి మాట. వీటిలో ఏది కుదురుతుందో తేల్చుకోలేకపోయాడు. అలసటతో కళ్లద్దాలు తీశాడు.

"గీసారి గూడ వాపసొస్తే మేనేజరు నన్ను పనిలకెళ్లి తీసేస్తడు సారూ."

"అసలు ఏం చేస్తడు బిడ్డా వాడు?"

"పొద్దుగాల పదింటికెళ్లి రాత్రి తొమ్మిదింటి దాంక కూసోనియ్యడు. జర గోడకు ఆనుకున్నా అందరి ముందల తిడ్తడు. కాళ్లు సూడుండ్రి."

పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగి ఉన్నాయి. మొదటిసారే ఈ ప్రశ్న అడగనందుకు "రామచంద్రా" అని నిట్టూర్చి, వెంకటనర్సు నిఘంటువు మూసేశాడు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాయసాగాడు.